ఆగిన టైముకి ఎవరిస్తారు?

వేదిక మీదున్న పెద్దలకు, మీకు బండి నేర్పిన మాస్టార్లకు, ముందు వరసలో కూర్చున్న ట్రాన్స్‌పోర్టు ఓనర్లకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలుచుకోవడం మర్యాద. కానీ నాకిచ్చిన టైము తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. పెద్దలు మన్నించాలి.

రోడ్డు భద్రత మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. అయితే ఇవాళ లారీల్లాంటి హెవీ బండ్ల శిక్షణ పూర్తి చేసుకున్న తమ్ముళ్లూ చెల్లెమ్మలూ పొద్దుట్నుంచి నన్ను అడుగుతున్నది ఒకటే: "అన్నా, లాంగ్ లైనుకి వెళ్లమంటారా, లోకల్లో చేరమంటారా?" అంటే దూరపు ఊళ్లకి సరుకు తోలే పనా, ఊరి చుట్టుపక్కలే తిరిగే పనా అని. భద్రత మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. కాబట్టి దాని గురించే చెబుతాను.

అందరూ చెప్పే లెక్క మీకు తెలుసు. లైనులో డబ్బెక్కువ, ఇల్లు దూరం. లోకల్లో డబ్బు తక్కువ, రాత్రికి ఇంట్లో ఉంటాం. ఇది సగం నిజమే. లోకల్లో రోజుకి పది చోట్ల సరుకు దించాలంటే పది చోట్ల రివర్స్ కొట్టాలి. ఇరుకు సందు, అడ్డంగా పెట్టిన కార్లు, అద్దంలో కనపడని మూల, వెనక ఫోన్ చూసుకుంటూ నడిచే మనిషి. చాలాచోట్ల దించే పని కూడా డ్రైవర్‌దే. అందుకే కొత్తవాళ్లకి లోకల్ బండి ఇవ్వడానికి జంకే కంపెనీలున్నాయి. ముందు లైనులో ఏడాది తిరిగి రమ్మంటాయి.

లైనులో రోడ్డు తిన్నగానే ఉంటుంది. అక్కడ శత్రువు నిద్ర. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే దాదాపు 90 మీటర్లు ఆ బండికి డ్రైవర్ లేనట్టే. రాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఆరు దాకా ఒళ్లు నిద్ర అడుగుతుంది, ఎంత అనుభవం ఉన్నవాడికైనా. 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. తాగి నడపకూడదని అందరూ చెబుతారు. నిద్రలేకుండా నడపమని మాత్రం ఫోన్ చేసి మరీ చెబుతారు.

దీనికి చట్టాలున్నాయి. అమెరికాలో 11 గంటలకు మించి నడపకూడదు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపే, ఎక్కే ముందు వరసగా 10 గంటల విరామం ఉండాలి. యూరప్‌లో రోజుకి 9 గంటలు, వారంలో రెండుసార్లు 10 దాకా వెళ్లొచ్చు, నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. భారతదేశం 1961లోనే మోటారు రవాణా కార్మికులకి రోజుకి 8 గంటలు, వారానికి 48 అని రాసుకుంది. మంచివే. కానీ చక్రం ఆగిన గంటకి డబ్బెవరిస్తారో ఈ అంకెల్లో ఎక్కడా లేదు.

ఒక గోడౌను గేటు దగ్గర నాకు జరిగింది చెప్పి తీరాలి. లాంగ్ ట్రిప్పు. చెప్పిన టైముకి ముందే చేరాను. "లైన్లో పెట్టు" అన్నారు. సరే, వరసలో ఉన్నాం కదా, పడుకోవచ్చు అనుకుంటారు మీరు. వీల్లేదు. ఇరవై నిమిషాలకో, అరగంటకో వరస ఒక్క బండి పొడవు కదులుతుంది. ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి, బ్రేకులకి గాలి ప్రెషర్ ఎక్కేదాకా ఆగాలి, హ్యాండ్ బ్రేకు వదలాలి, ఫస్ట్ గేరు, ఒక్క బండి పొడవు, మళ్లీ బ్రేకు, ఇంజన్ ఆఫ్. కన్ను మూతపడిందా, సెక్యూరిటీ వచ్చి కర్రతో తలుపు మీద కొడతాడు. బాత్రూం కాంపౌండ్ లోపల ఉంది, డ్రైవర్లకి లోపలికి ప్రవేశం లేదు. పగలు అలాగే గడిచింది, రాత్రీ అలాగే గడిచింది. మర్నాడు సాయంత్రం సరుకు దిగింది. దించడానికి పట్టింది ఒక్క గంట. చేతికిచ్చిన కాగితం మీద బయటికి వెళ్లిన టైము వేశారు. లోపలికి వచ్చిన టైము గడి ఖాళీ. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఏమన్నారో తెలుసా? "రెస్టు దొరికింది కదా, తెల్లారేసరికి తర్వాతి లోడు దగ్గరుండు."

రెస్టు! మా జీతం కిలోమీటరు లెక్క. బండి కదల్లేదు కాబట్టి డబ్బు లేదు, నిద్రా లేదు, కాగితంలో మాత్రం విశ్రాంతి. నేను వెళ్లనన్నాను. బండి పక్కకి పెట్టి పడుకున్నాను. ఆ లోడు ఇంకొకరికి పోయింది, ఆ తర్వాత చాలాకాలం నాకు మంచి ట్రిప్పు పడలేదు. అలా అనలేక బండెక్కినవాళ్లు ఈ హాల్లోనే ఎంతమంది ఉన్నారో, సీనియర్లు ఒక్కసారి చెయ్యెత్తండి. చూశారా తమ్ముళ్లూ? వెనక్కి తిరిగి చూడండి.

అందుకే చెబుతున్నాను. కిలోమీటరుకెంత అని తర్వాత అడగండి. ముందు అడగాల్సింది: ఆగిన టైముకి ఎవరిస్తారు? ఎన్నో గంట నుంచి ఇస్తారు? రిటర్న్ లోడు దొరక్క ఖాళీగా వస్తే ఎంత? బండి వర్క్‌షాపులో ఉన్న రోజుకి ఎంత? లోకల్ అయినా ఇదే అడగాలి. ట్రిప్పు లెక్కన ఇచ్చే లోకల్లో పోర్టు గేటు దగ్గర సగం రోజు పోతే ఆ నష్టం మీదే. నెలజీతం ఇచ్చి, ఆగిన గంటల్ని డ్యూటీగా రాసే లైను పని దానికంటే మేలు. దూరం చూసి తేల్చుకునే విషయం కాదిది.

ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. అమెరికాలో ఓవర్‌టైమ్ చట్టం 1938లో వచ్చింది. రాష్ట్రాల మధ్య సరుకు తోలే లారీ డ్రైవర్లని అందులోంచి తప్పించారు, ఆ మినహాయింపు పోనేలేదు. యూరప్‌లో 2020లో కొత్త నిబంధనలు తెచ్చారు: 45 గంటల వారపు విశ్రాంతి క్యాబిన్‌లో గడపకూడదు, నాలుగు వారాల్లో ఒకసారైనా డ్రైవర్ ఇంటికి వెళ్లేలా పని ఏర్పాటు చెయ్యాలి. అక్కడ రాయగలిగినప్పుడు మిగతాచోట్ల ఎందుకు రాయలేరు?

ఇక నా మాట. ఆగిన టైముకి రెండుచోట్లా ఒకేలా ఇస్తే మొదటి ఏడాది లోకల్లో చేరండి. రివర్సూ, అద్దాలూ రోజూ చేస్తేనే చేతికొస్తాయి, హైవే మీద రావు. లైనుకే పోవాలనుకుంటే మొదట్లో ఒక సీనియర్ పక్కన వెళ్లండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే డ్రమ్ములు కాలిపోయి పట్టు వదిలేస్తాయి, దిగడం మొదలవకముందే గేరు తగ్గించాలి. లోడు బండితో ఇది ఒంటరిగా నేర్చుకోవాల్సిన పాఠం కాదు.

ఓనర్లూ, మీరు కోపగించుకోకండి. మీకూ ఆ గోడౌను వాళ్లు ఆగిన టైముకి ఇవ్వరని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను: గేటు దగ్గర వచ్చిన టైము కాగితం మీద పడేదాకా మీ డ్రైవర్ కదలడని మీరే వాళ్లకి చెప్పండి. ఆ గడి నిండితేనే మీరు వాళ్లని అడగగలరు, మేం మిమ్మల్ని అడగగలం.

తమ్ముళ్లూ, చెల్లెమ్మలూ, మీలో ఎవరికైనా ఇప్పటికే ఉద్యోగం కాగితం వచ్చి ఉంటే సంతకం పెట్టకుండా నా దగ్గరికి తీసుకురండి. సభ అయ్యాక ఇక్కడే కూర్చుంటాను. ఆగిన టైము గురించి అందులో ఏం రాశారో కలిసి చదువుదాం.