సవానా నగరం కాలినడకన: స్క్వేర్లు, ఇటుకలు, కెమెరా

[దృశ్యం: తెల్లవారుతున్న వేళ రివర్ స్ట్రీట్. కెమెరా నేలకి జానెడు ఎత్తులో. పక్కన సవానా నది.]

నమస్కారం. అమెరికాలోని అట్లాంటా నుంచి కారులో నాలుగు గంటలు ప్రయాణిస్తే సవానా వస్తుంది. జార్జియా వలస రాజ్యం 1733లో మొదలైంది ఇక్కడే. టైబీ బీచ్‌కి వెళ్తూ దారిలో ఒక గంట ఆగి, ఫోర్సైత్ పార్కు ఫౌంటెన్ ముందు ఫొటో దిగి వెళ్లిపోతే ఈ ఊరు చూసినట్టు కాదు. కారు ఎక్కడైనా పార్క్ చేసేయండి. ఇది నడిచి చూడాల్సిన ఊరు.

పొద్దున్నే నది ఒడ్డు నుంచి మొదలుపెడదాం. ఈ వీధి తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి, సూర్యోదయమప్పుడు వెలుతురు రాళ్ల మీదుగా ఏటవాలుగా పాకుతుంది. ఫోన్ కిందికి దించి తీయండి. ఈ రాళ్లు చూశారా, ఏ రెండూ ఒక్కలా లేవు. ఖాళీగా వచ్చే ఓడలు సముద్రంలో ఒరిగిపోకుండా అడుగున బరువు కోసం వేసుకొచ్చిన రాళ్లివి. వాటిని ఇక్కడ దించేసి, ఆ జాగాలో పత్తి బేళ్లు ఎక్కించుకుని పోయేవారు. మెత్తటి చెప్పులతో రాకండి, కాళ్లు బెణుకుతాయి.

[దృశ్యం: ఫ్యాక్టర్స్ వాక్. తల పైన ఇనప వంతెనలు.]

వెనకున్న ఈ భవనాలకి నది వైపు పత్తి గోదాములు, పైన బే స్ట్రీట్ వైపు పత్తి దళారుల ఆఫీసులు. మధ్యలో ఈ వంతెనలు. ఆ పత్తి పండించింది బానిసలుగా బతికిన నల్లజాతి మనుషులు. 1735లో ఈ వలస రాజ్యం బానిసత్వాన్ని నిషేధించింది, 1751లో ఆ నిషేధం ఎత్తేశారు. తర్వాత మీరు చూసే ప్రతి అందమైన మేడ వెనకా ఈ సంగతి ఉంటుంది.

[దృశ్యం: బుల్ స్ట్రీట్ మీదుగా జాన్సన్ స్క్వేర్‌లోకి నడక.]

ఇక స్క్వేర్లు. ఊరు స్థాపించిన జేమ్స్ ఓగ్ల్‌థోర్ప్ వేసిన ప్లాను ఇది. మధ్యలో ఖాళీ మైదానం. దానికి తూర్పున, పడమట ప్రజల భవనాల కోసం నాలుగు పెద్ద స్థలాలు. ఉత్తరాన, దక్షిణాన ఇళ్ల కోసం నలభై స్థలాలు. ఇదంతా కలిపి ఒక వార్డు. ఊరు పెరిగితే పక్కన ఇలాంటిదే ఇంకో వార్డు. మొదటిది 1733లో ఈ జాన్సన్ స్క్వేర్, చివరిది 1851లో. వందేళ్లు దాటినా అదే నమూనా మీద కట్టుకుంటూ పోయారంటే నాకు నిజంగా ఆశ్చర్యంగా ఉంటుంది. మొత్తం 24, ఇప్పుడున్నవి 22.

నడిచేవాడికి ఇందులో సుఖం ఏమిటంటే, రెండు మూడు నిమిషాలకోసారి చెట్టు నీడ, బెంచీ దొరుకుతాయి. కార్లు స్క్వేర్ చుట్టూ తిరిగి పోవాలి. మనిషి మధ్యలోంచి తిన్నగా పోతాడు.

[దృశ్యం: లైవ్ ఓక్ కొమ్మలు, వేలాడే స్పానిష్ మాస్.]

ఫొటోలకి కష్టం కూడా ఈ చెట్లే. లైవ్ ఓక్ చలికాలంలోనూ పచ్చగానే ఉంటుంది, కాబట్టి కింద ఎప్పుడూ చీకటి, ఆకుల సందుల్లో తెల్లగా మండే ఆకాశం. కెమెరాని దాని ఇష్టానికి వదిలేస్తే ఆకాశం పూర్తిగా తెల్లబడిపోతుంది. తెర మీద వెలుతురున్న ఆకుపై నొక్కి, ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుతురు, కాస్త తగ్గించండి. నీడలు తర్వాత పైకి తెచ్చుకోవచ్చు, కాలిపోయిన ఆకాశం తిరిగి రాదు. జనపనారలా వేలాడే ఈ స్పానిష్ మాస్ అనాస కుటుంబపు మొక్క. చెట్టు రసం పీల్చదు, గాలిలోని తేమతోనే బతుకుతుంది. వెలుగు దాని వెనక ఉండేలా నిలబడి తీయండి. వేసవిలో అయితే, ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. పది నిమిషాలు ఆగాలి.

[దృశ్యం: ఎల్లిస్ స్క్వేర్.]

ఇక్కడ పాత సిటీ మార్కెట్ ఉండేది. 1954లో దాన్ని కూల్చి కార్ల పార్కింగ్ భవనం కట్టారు. ఆ తర్వాత డావెన్‌పోర్ట్ హౌస్ అనే పాత ఇంటికీ కూల్చివేత ముప్పు వచ్చింది. ఏడుగురు మహిళలు 1955లో హిస్టారిక్ సవానా ఫౌండేషన్ పెట్టి ఆ ఇంటిని కొని నిలబెట్టారు. ఈరోజు మనం తిరుగుతున్న ఊరు మిగిలిందంటే అక్కడ మొదలైన పట్టుదల వల్లే. పార్కింగ్ భవనం తీసేశాక 2010లో ఎల్లిస్ స్క్వేర్ మళ్లీ తెరుచుకుంది.

[దృశ్యం: ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి, ఫ్రాంక్లిన్ స్క్వేర్.]

మీకు టైము తక్కువుంటే పెద్ద కెథడ్రల్ వదిలేయండి, ఇది మాత్రం వదలొద్దు. బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్లు పగలంతా యజమానుల దగ్గర చాకిరీ చేసి, రాత్రిళ్లు వచ్చి ఈ చర్చిని కట్టుకున్నారు. 1859లో పూర్తయింది. కింది హాలు నేల చెక్కల్లో ఒక ఆకారంగా పేర్చిన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు నేల కింద దాక్కుంటే గాలి ఆడటానికని చర్చివాళ్లు చెబుతారు. ఆ ఆకారం కాంగో ప్రాంతపు ప్రార్థనా చిహ్నమనీ అంటారు. లోపల కెమెరా తీసే ముందు గైడ్‌ని అడగండి.

ఓవెన్స్-థామస్ హౌస్ అనే పాత మేడలోనూ చూడాల్సింది బానిసల చరిత్రే. మేడ ముందు అందరూ ఫొటోలు తీస్తారు. మీరు వెనక బానిసలు ఉన్న గదుల్లోకి వెళ్లి తల పైకెత్తండి. దుష్టశక్తులు రాకుండా వాళ్లు వేసుకున్న నీలిరంగు పైకప్పు మీద ఇంకా ఉంది.

[దృశ్యం: టేలర్ స్క్వేర్ బోర్డు, వెనక మాసీ స్కూలు.]

చివరగా టేలర్ స్క్వేర్. బానిసత్వాన్ని సమర్థించిన రాజకీయ నాయకుడు కాల్హౌన్ పేరు తీసేసి, 2023లో సూసీ కింగ్ టేలర్ పేరు పెట్టారు. నల్లపిల్లలకి చదువు చెప్పడం నేరమైన రోజుల్లో, పుస్తకాలు కాగితంలో చుట్టి దాచుకుని ఈ ఊళ్లోనే రహస్య బడికి వెళ్లిన అమ్మాయి. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకి పాఠాలు చెప్పింది, నర్సుగా సేవ చేసింది. వెనక కనిపించే మాసీ స్కూలు 1856లో తెరిచిన ప్రభుత్వ బడి. ఆమెకి అప్పుడు ఎనిమిదేళ్లు, కానీ అందులో ఆమెకి చోటు లేదు. రోడ్డుకి ఇవతల నిలబడితే ఆమె పేరున్న బోర్డు, ఆ బడి గుమ్మం రెండూ ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి. ఫోకస్ బోర్డు మీద పెట్టండి.