లైల్స్ లేటుగా లేచాడా? స్టార్ట్ అంటే రియాక్షన్ టైమ్ కాదు

[స్క్రీన్ మీద: 2024 ఆగస్టు 4, పారిస్ ఒలింపిక్స్. పురుషుల 100 మీటర్ల ఫైనల్. ఎనిమిది మందీ ‘సెట్’లో, అంటే గన్ మోగేముందు తుంటి పైకెత్తి కదలకుండా ఆగిన పొజిషన్‌లో ఉన్న ఫ్రేమ్.]

ఈ ఫ్రేమ్ దగ్గర కాసేపు ఆపుతున్నాను. నాలుగో లేన్‌లో జమైకాకు చెందిన కిషేన్ థాంప్సన్, ఏడో లేన్‌లో అమెరికన్ నోవా లైల్స్. ఇంకో పది సెకన్లు గడిచేసరికి లైల్స్ 9.784, థాంప్సన్ 9.789. రెండు దశాంశాల్లో చూస్తే ఇద్దరిదీ 9.79. చిట్టచివర వచ్చిన ఒబ్లిక్ సెవిల్ కూడా 9.91లో పరిగెత్తాడు. అంత గట్టి రేసు అది.

ఈ రేసు గురించి ఎవరితో మాట్లాడినా నాకు ఒకటే మాట వినిపిస్తుంది. “థాంప్సన్ స్టార్ట్ అదిరింది. లైల్స్ గన్ మోగాక లేటుగా లేచాడు. అయినా చివర్లో స్పీడు పెంచి కొట్టేశాడు.” వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. చాలామంది కోచ్‌లు కూడా పిల్లలకు ఇదే నేర్పుతున్నారు, నా బాధ అదీ.

ముందు ఈ అంకెలు చూడండి.

[స్క్రీన్ మీద: లైల్స్ 0.178. థాంప్సన్ 0.176.]

ఇవి ఆ ఫైనల్లో ఇద్దరి రియాక్షన్ టైమ్‌లు. తేడా 0.002 సెకను. పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు కూడా అంత సేపట్లో రెండున్నర సెంటీమీటర్లకు మించి కదల్లేరు. అంటే లైల్స్ లేటు అయితే థాంప్సన్ కూడా అంతే లేటు! కానీ 30 మీటర్ల దగ్గర లైల్స్ అందరికంటే వెనకున్నాడు, థాంప్సన్ బాగా ముందున్నాడు. మరి ఆ దూరం ఎక్కడి నుంచి వచ్చింది? రియాక్షన్ నుంచి మాత్రం కాదు.

ఇంకో అంకె. ఫ్రెడ్ కెర్లీ రియాక్షన్ 0.108, ఫైనల్లో అందరికంటే వేగం. లైల్స్ కంటే 0.07 సెకను ముందే స్పందించాడు. అతనికి దక్కింది కాంస్యం, 9.81.

అసలు రియాక్షన్ టైమ్ అంటే ఏంటి? స్టార్ట్‌లో అథ్లెట్ పాదాలు ఆనించి తన్నే బ్లాక్స్‌కి సెన్సర్లు ఉంటాయి. గన్ మోగాక, కాలు బ్లాక్ మీద పెట్టే ఒత్తిడి ఎప్పుడు ఒక్కసారిగా పెరిగిందో అవి పట్టుకుంటాయి. అంతే. ఆ క్షణానికి అథ్లెట్ ఇంకా బ్లాక్స్‌లోనే ఉంటాడు. కాళ్లు బ్లాక్‌ని వదిలేసరికి ఇంకో 0.3 సెకను పైనే పడుతుంది. అసలు స్టార్ట్ జరిగేది ఆ 0.3 సెకనులోనూ, ఆ తర్వాత వేసే పది పన్నెండు అడుగుల్లోనూ.

ఇప్పుడు నడిరోడ్డు మీద ఆగిపోయిన ఒక ఆటోని ఊహించుకోండి. డ్రైవరన్న హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాడు, మీరు వెనక నుంచి తోయాలి. “తొయ్” అన్నాడు. ఆ మాట మీ చెవిన పడటానికీ, మీ కాళ్లలో బలం మొదలవడానికీ మధ్య గడిచింది చూశారా, అదీ రియాక్షన్ టైమ్. ఆటో ఎంత కదిలిందన్నది ఆ లెక్కలో లేనే లేదు.

మరి ఆటో కదలాలంటే ఏం చేస్తారు? నిటారుగా నిలబడి తోయరు కదా. తోస్తే ఆటో కదలదు, మీ కాళ్లే జారతాయి. తల దించి, చేతులు చాపి, ఒళ్లంతా ముందుకు వాల్చి, కాలితో నేలను వెనక్కి తంతారు. మడమ నుంచి తల దాకా ఒకే గీత. ఇది మనకెవరూ నేర్పలేదు, బరువే నేర్పుతుంది. స్ప్రింటర్ చేసేదీ అదే, కాకపోతే అతను తోయాల్సిన ఆటో అతని సొంత ఒళ్లే.

[స్క్రీన్ మీద: ‘సెట్’ పొజిషన్, పక్క నుంచి. మోకాళ్ల కోణాలు గీసి చూపించాలి.]

ఇప్పుడు ‘సెట్’ చూడండి, ఎందుకలా ఉంటుందో తేలిగ్గా అర్థమవుతుంది. తుంటి భుజాల కంటే కాస్త పైకి లేచి ఉంటుంది. ముందు కాలి మోకాలు దాదాపు 90 డిగ్రీలు, వెనక కాలిది 120, 130 దాకా. మరీ మడిస్తే, గొంతుకు కూర్చుని ఆటో తోసినట్టే, పైకి లేవడానికే బలమంతా పోతుంది. మరీ చాపేస్తే తోయడానికి కాలిలో మిగిలేదేమీ ఉండదు. వెనక కాలు గట్టిగా ఒక్క తాపు తన్ని వెంటనే వచ్చేస్తుంది. ముందు కాలు ఎక్కువసేపు తోస్తూనే ఉంటుంది. చాలామంది పిల్లలు వెనక కాలు తీయాలన్న తొందరలో ముందు కాలిని సగం తోసి వదిలేస్తారు. ఇలాంటి స్టార్ట్ చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చేతిలో ఉన్న బలాన్ని బ్లాక్‌లోనే వదిలేసి వెళ్లిపోయినట్టు ఉంటుంది.

తర్వాత తల. మొదటి అడుగులోనే ముందెవరున్నారో చూద్దామని తలెత్తారా, నడుము కూడా లేస్తుంది. ఆటో ఇంకా కదలకముందే నిటారుగా నిలబడ్డట్టు. అందుకే మంచి స్టార్టర్లు మొదటి అడుగులు నేలను చూస్తూనే వేస్తారు. కొందరి కాలి బొటనవేలు ట్రాక్‌ని రాసుకుంటూ వస్తుంది, అంత కిందుగా తెస్తారు కాలిని.

ఇక్కడి నుంచి ఆటో కదిలింది, అనుకుందాం. కదిలిన ఆటోని మొదట్లోలాగా నిదానంగా, పొడుగ్గా తోయగలమా? లేదు. అది మన ముందు పారిపోతుంటుంది, మన కాళ్లు గబగబా పడాలి, ఒళ్లు దానంతటదే లేస్తుంది. పరుగులోనూ అంతే. మొదటి అడుగులో పాదం నేల మీద దాదాపు 0.2 సెకను ఉంటుంది. పూర్తి వేగం వచ్చేసరికి అది 0.09కి తగ్గిపోతుంది. అంత కొద్ది సేపట్లోనే తోయాల్సిందంతా తోసేయాలి. లైల్స్ గెలిచింది ఈ భాగంలోనే.

రెండో పొరపాటుకు వద్దాం, చివర్లో స్పీడు పెంచాడనే మాట. దీనికి 2009 బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ 100 మీటర్ల ఫైనల్ చూడాలి. ఉసేన్ బోల్ట్, 9.58, ఇప్పటికీ ప్రపంచ రికార్డు.

[స్క్రీన్ మీద: బోల్ట్, ప్రతి 20 మీటర్లకు: 2.89, 1.75, 1.67, 1.61, 1.66]

60 నుంచి 80 మీటర్ల మధ్య 1.61 సెకన్లు. గంటకు దాదాపు 44.7 కిలోమీటర్ల వేగం. చివరి 20 మీటర్లకు 1.66. అంటే బోల్ట్ కూడా చివర్లో నెమ్మదించాడు! అతని వెనక 9.71లో వచ్చిన టైసన్ గే అవే రెండు భాగాలకు 1.63, 1.69 తీసుకున్నాడు. ఇద్దరూ తగ్గారు, గే ఇంకాస్త ఎక్కువ తగ్గాడు. ఆటోని తోసి వదిలేశాక అది దొర్లుతూ పోతుంది కదా, ఎవరి ఆటో ఎక్కువసేపు వేగం పట్టి ఉంచిందన్నదే చివరి 20 మీటర్ల కథ. మనకు టీవీలో స్పీడు పెంచినట్టు కనిపించేది పక్కవాళ్లు ఎక్కువ తగ్గిపోతున్నందుకు.

బోల్ట్‌కి స్టార్ట్ రాదనే మాట కూడా ఉంది. అదే రేసులో అతను 60 మీటర్లు దాటింది 6.31లో. 60 మీటర్ల రేసు ప్రపంచ రికార్డు, క్రిస్టియన్ కోల్‌మన్ 2018లో పెట్టింది, 6.34. ఇంకేం చెప్పమంటారు?

టైమ్ అయిపోతోంది, రెండు విషయాలు గబగబా చెప్పేస్తాను.

ఒకటి, ఫాల్స్ స్టార్ట్. 0.1 సెకను కంటే ముందు స్పందిస్తే గన్ వినకుండా లేచినట్టే లెక్క. 2022లో అమెరికాలోని యూజీన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో అమెరికన్ డెవన్ అలెన్‌ని 0.099కి బయటకు పంపారు. వెయ్యో వంతు! నా దృష్టిలో అది అన్యాయం, మనిషి నరాలు అంత కచ్చితంగా ఒక గీత గీసుకుని పనిచేయవు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పడ్డ టెన్షన్ గుర్తుందా? పక్క లేన్‌లో చైనా అమ్మాయి ముందు కదిలితే, జ్యోతిని కూడా తప్పు పట్టారు. తను పట్టుబట్టి పరిగెత్తింది. తర్వాత ఆ చైనా అమ్మాయిని డిస్క్వాలిఫై చేశారు, జ్యోతి కాంస్యం రజతమైంది.

రెండు, ముగింపు గీత. దాటాల్సింది పాదం కాదు, తల కాదు, మొండెం. పారిస్ ఫోటో ఫినిష్ చూడండి.

[స్క్రీన్ మీద: ఫోటో ఫినిష్. థాంప్సన్ పాదం దగ్గర ఒక బాణం, లైల్స్ ఛాతీ దగ్గర ఇంకొకటి.]

థాంప్సన్ పాదం ముందు గీత దాటింది. లైల్స్ ఛాతీ మాత్రం అతని ఛాతీ కంటే ముందుంది. గీత దాటాక ఫలితం కోసం అందరూ బోర్డు వైపు చూస్తూ నిలబడ్డారు. తన పేరు పడేదాకా లైల్స్ కూడా థాంప్సనే గెలిచాడనుకున్నాడు, ఆ మాట వెళ్లి అతనితోనే అన్నాడు.