చిన్న కుక్కల దగ్గు, ఆయాసం: నిద్రలో ఊపిరి లెక్క

వ్యాఖ్యాత: నమస్కారం. పొమెరేనియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, షిట్జు, పగ్ వంటి చిన్న జాతి కుక్కలను పెంచుకునేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. చిన్న జంతువుల చికిత్సలో చాలాకాలంగా పనిచేస్తున్న పశువైద్యురాలు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, కుక్క దగ్గుతోందని ఎవరైనా తీసుకువస్తే మీరు మొదట ఏమి అడుగుతారు?

వైద్యురాలు: నమస్కారమండీ. చాలామంది వస్తూనే దగ్గుకు మందు రాయమంటారు. ఆ దగ్గు ఎక్కడి నుంచి పుడుతోందో తేలేవరకు నేను మందు పేరు ఎత్తను. గొంతు, శ్వాసనాళం, ఊపిరితిత్తులు, గుండె, వీటిలో ఏది దెబ్బతిన్నా ఇంట్లోవారికి వినిపించేది దగ్గే కదా. అందుకే అది ఎప్పుడు వస్తోందని అడుగుతాను: ఎవరైనా తలుపు తట్టినప్పుడు సంబరంతో ఎగిరితే వస్తోందా, నీళ్లు తాగాక వస్తోందా, మెడపట్టీ బిగిసినప్పుడు వస్తోందా, అర్ధరాత్రి నిద్రలోంచి లేపుతోందా? ఆసుపత్రికి వచ్చిన కుక్క భయంతో బిగుసుకుపోయి ఒక్కసారైనా దగ్గకపోవచ్చు కాబట్టి, ఇంట్లో ఫోనుతో తీసిన వీడియో ఉంటే నా పని సగం తేలికవుతుంది.

వ్యాఖ్యాత: వీడియో చూశాక అది అసలు దగ్గే కాదని తేలిన సందర్భాలు ఉంటాయా?

వైద్యురాలు: తరచుగా ఉంటాయి. రివర్స్ స్నీజింగ్ అనే స్థితిలో కుక్క కదలకుండా నిలబడి, మెడ చాచి, ముక్కుతో గాలిని పెద్ద శబ్దంతో పదేపదే లోపలికి లాగుతుంది. చూసేవారికి ప్రాణం పోతోందేమో అనిపిస్తుంది కానీ, అది కొన్ని సెకన్ల నుంచి ఒక నిమిషం లోపు దానంతట అదే ఆగిపోయి, కుక్క మళ్లీ మామూలుగా తిరుగుతుంది. ముక్కు వెనుక భాగంలో దుమ్మో, ఘాటైన వాసనో రేపిన చికాకు దీనికి కారణం. అప్పుడప్పుడు వస్తే చికిత్స అక్కరలేదు.

వ్యాఖ్యాత: మరి బాతు అరిచినట్టుగా వినిపించే పొడి దగ్గు మాటేమిటి?

వైద్యురాలు: ఆ శబ్దం వినగానే మాకు ముందుగా శ్వాసనాళం కుంగిపోవడం గుర్తుకు వస్తుంది. కుక్క శ్వాసనాళాన్ని తెరిచి ఉంచేవి ఇంగ్లిషు సి అక్షరం ఆకారంలో ఉండే మృదులాస్థి వలయాలు. ఆ సి తెరిచి ఉన్న వైపు, అంటే నాళం పైభాగాన, ఒక పలుచని పొర ఉంటుంది. కొన్ని చిన్న జాతులలో ఈ వలయాలు క్రమేణా బలహీనపడి చదునవుతాయి, పొర లోపలికి జారి గాలి దారిని మూస్తుంది. మెడ భాగంలోని నాళమైతే గాలి పీల్చినప్పుడు, ఛాతీలోని భాగమైతే గాలి వదిలినప్పుడు కుంగుతుంది. అందువల్ల ఒక్క ఎక్స్‌రే తీసి, అందులో నాళం బాగానే కనిపించిందని, సమస్య లేదని చెప్పడం సరికాదు. ఊపిరి కదలికను ప్రత్యక్షంగా చూపే ఫ్లోరోస్కోపీ, లేదా మత్తు ఇచ్చి లోపలికి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ అవసరం కావచ్చు.

వ్యాఖ్యాత: వలయాలే బలహీనపడ్డాక మందులతో ఉపయోగం ఉంటుందా?

వైద్యురాలు: మెత్తబడిన మృదులాస్థిని మందు మళ్లీ గట్టిపరచదు. అయినా ఎక్కువ శాతం కుక్కలు శస్త్రచికిత్స లేకుండానే చాలాకాలం హాయిగా బతుకుతాయి. దీనికి నేను అన్నిటికంటే ముందు చెప్పే చికిత్స బరువు తగ్గించడం. ఛాతీ చుట్టూ, పొట్టలో పేరుకున్న కొవ్వు ప్రతి ఊపిరినీ బరువుగా మారుస్తుంది. కొలిచి పెట్టిన తిండితో బరువు తగ్గిన కుక్కలో మందుల మోతాదు కూడా తగ్గించగలిగిన సందర్భాలు ఉన్నాయి. ఇక గొంతును నొక్కే మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడాలి. పొగ, అగరుబత్తి, ఘాటైన సుగంధాలు దూరంగా ఉంచాలి. దగ్గు మరింత దగ్గును రేపుతుంది కాబట్టి, ఆ వరుసను తెంచడానికి దగ్గును అణచే మందులు, వాపు ఉంటే కొద్దికాలం స్టెరాయిడ్లు వాడతాం. స్టెరాయిడ్లను ఎక్కువకాలం సాగదీస్తే ఆకలి, బరువు పెరిగి అసలుకే మోసం వస్తుంది. వీటన్నిటికీ లొంగని కుక్కలకే నాళం లోపల స్టెంట్, అంటే దాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం, పెట్టే ఆలోచన చేస్తాం. స్టెంట్ పెట్టాక కూడా దగ్గు కొంత మిగలవచ్చని ముందే చెబుతాం.

వ్యాఖ్యాత: గుండె జబ్బు వల్ల కూడా దగ్గు వస్తుందన్నారు. ఇంట్లోవారు దానిని ఎలా వేరుచేసి గుర్తించాలి?

వైద్యురాలు: చిక్కంతా ఇక్కడే ఉంది. వయసు మీరిన చిన్న కుక్కలలో అతి సాధారణమైన గుండె జబ్బు, గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం దళసరెక్కి సరిగా మూసుకోకపోవడం. రక్తం వెనక్కి కారడం వల్ల స్టెతస్కోపులో మర్మర్ అనే అసాధారణ శబ్దం వినిపిస్తుంది, గుండె ఎడమ పైగది పెద్దదవుతుంది, అది పక్కనున్న గాలి గొట్టానికి ఒత్తుకుని దగ్గు తెప్పించవచ్చు. అదే కుక్కకు శ్వాసనాళం కుంగే సమస్య కూడా ఉండవచ్చు. అంటే మర్మర్ ఉన్నంత మాత్రాన దగ్గు గుండెదేనని తీర్మానించలేం. గుండె వైఫల్యం వల్ల ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నప్పుడు దగ్గు కంటే ముందుగా, దగ్గు కంటే నమ్మకంగా ఆ సంగతి చెప్పేది ఊపిరి వేగం.

వ్యాఖ్యాత: దానిని ఇంట్లోనే కొలవవచ్చా?

వైద్యురాలు: తప్పకుండా కొలవవచ్చు, మర్మర్ ఉన్న ప్రతి కుక్క ఇంట్లోనూ ఇది అలవాటు కావాలని నేను పట్టుబడతాను. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటిగా లెక్కించి, 30 సెకన్లు చూసి రెండుతో గుణించాలి. కలలో కాళ్లు ఆడిస్తున్నప్పుడు, ఆడి అలసినప్పుడు, ఉక్కపోతలో రొప్పుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. నిమిషానికి 30 లోపు ఉంటే సరే. మళ్లీ మళ్లీ చూసినా 30 దాటుతుంటే, దగ్గు లేకపోయినా సరే, ఆ రోజే వైద్యుడికి చెప్పాలి. కుక్క ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే ఈ అంకెలు రాసిపెట్టుకుంటే దానికి మామూలు వేగం ఎంతో తెలుస్తుంది; 16 ఉండే కుక్కకు 28 రావడం కూడా గమనించవలసిన మార్పే.

వ్యాఖ్యాత: లక్షణాలు మొదలవకముందే మర్మర్ దొరికితే చేయగలిగింది ఏమైనా ఉందా?

వైద్యురాలు: ఉంది, అందుకే ఏటా పరీక్ష చేయించమంటాను. 2016లో ప్రచురితమైన ఎపిక్ అధ్యయనంలో, గుండె పెరిగి ఇంకా ఆయాసం మొదలవని కుక్కలకు పిమోబెండాన్ అనే గుండె మందు ఇచ్చినప్పుడు గుండె వైఫల్యం సుమారు 15 నెలలు ఆలస్యమైంది. కుక్క జీవితంలో అది చాలా పెద్ద కాలం. గుండె నిజంగా పెరిగిందో లేదో ఎకో అనే గుండె స్కాన్, ఎక్స్‌రేలతో చూశాకే ఆ మందు మొదలుపెడతాం.

వ్యాఖ్యాత: ఇంట్లో మనం వాడే దగ్గు మందు కొద్దిగా పోస్తే పోతుందిలే అనుకునేవారికి ఏమి చెబుతారు?

వైద్యురాలు: దయచేసి ఆ పని చేయవద్దు. మన సిరప్పులలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలలో రక్తంలోని చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. పారాసిటమాల్, ముక్కుదిబ్బడ తగ్గించే మందులు కూడా విషమవుతాయి. పైగా న్యుమోనియా ఉన్న కుక్కకు లోపలి కఫం బయటపడే దారి దగ్గే. దానిని అణచివేస్తే జబ్బు ముదురుతుంది. ఇతర కుక్కలతో కలిసి ఉండి వచ్చిన కొద్దిరోజులకు మొదలైన దగ్గు అంటువ్యాధి కావచ్చు. అది చాలావరకు రెండు మూడు వారాలలో తగ్గుతుంది, కానీ కుక్కపిల్లలలో, ముక్కు చప్పిడిగా ఉండే జాతులలో తేలికగా తీసుకోకూడదు.

వ్యాఖ్యాత: క్షణం ఆలస్యం చేయకుండా బయలుదేరవలసిన పరిస్థితి ఏది?

వైద్యురాలు: చిగుళ్లు, నాలుక నీలంగా లేదా బూడిదరంగుగా మారితే, విశ్రాంతిలో ఉన్నా మోచేతులు ఎడంగా పెట్టి మెడ చాచి ఊపిరి కోసం తంటాలు పడుతుంటే, పడుకోలేక కూర్చునే ఉంటే, స్పృహ తప్పితే వెంటనే బయలుదేరాలి. బలవంతంగా నీళ్లు పోయకూడదు, గుండెలకు హత్తుకుని బిగించకూడదు. చల్లటి వాహనంలో, దానికి ఇష్టమైన భంగిమలోనే ఉంచి తీసుకువెళ్లాలి. దారిలో ఆసుపత్రికి ఫోను చేస్తే, మీరు చేరేలోపు ఆక్సిజన్ సిద్ధంగా ఉంటుంది.