కళింగపట్నం వెళ్ళేవాళ్ళకి ఒక కండక్టరు మాట

అందరికీ నమస్కారం.

బదిలీల మీద కొత్తగా శ్రీకాకుళం వచ్చిన ఉద్యోగులకి ఈ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చరిత్ర చెప్పడానికి ఈ హాల్లోనే పెద్దవాళ్ళున్నారు. నేను కళింగపట్నం రూట్లో ఏళ్ళ తరబడి టిక్కెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి. కాబట్టి సెలవురోజు ఎక్కడికెళ్ళాలి, ఏం తినాలి, ఏం తాగాలి అన్నంతవరకే చెప్తాను.

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. విశాఖపట్నం ఆర్కే బీచ్ చూసిన కళ్ళతో ఇక్కడికొస్తే ఉసూరుమంటారు. మన టౌను సముద్రం ఒడ్డున లేదు, నాగావళి ఒడ్డున ఉంది. సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. జిల్లాకి 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది గానీ, ఆ పొడుగునా మీరు దీపాల వరసలు, ఐస్‌క్రీం బళ్ళు వెతుక్కుంటే దొరకవు. సరుగుడు తోటలు, వలలు ఆరేసిన ఇసక, తిరగేసిన పడవలు, వాటి నీడలో పడుకున్న కుక్కలు దొరుకుతాయి.

ఆదివారం పదకొండు గంటల కళింగపట్నం బస్సు నిండా సముద్రం చూడ్డానికి పిక్నిక్ జనం ఎక్కేవారు. టోపీలు, బంతులు, పులిహోర డబ్బాలు. మళ్ళీ రెండింటి బస్సులో అందరూ ముఖాలు వేలాడేసుకుని వచ్చేవారు. "ఏముందండీ అక్కడ? ఎండ, ఇసక" అనేవారు. నేను చిల్లర ఇస్తూ ఒకటే అడిగేవాణ్ణి, "ఎన్నింటికి వెళ్ళారు సార్?" అని. పదకొండింటికి వెళ్తే ఎండా ఇసకే ఉంటాయి మరి. అప్పటికి అక్కడ పని అయిపోతుంది, చేప అమ్ముడైపోతుంది, ఊరు నిద్రపోతుంది.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. మా బావగారి కుటుంబాన్ని మే నెలలో, మిట్టమధ్యాహ్నం తీసుకెళ్ళాను. పిల్లలు చెప్పులు ఒడ్డున వదిలి పరిగెత్తారు, అరికాళ్ళు కాలి ఏడుస్తూ వెనక్కొచ్చారు. సరే, చేపలైనా తిందామని దారిలో ఒక హోటల్లో ఆగాం. పేరు చెప్పను. వంజరం వేపుడు అని తెచ్చిపెట్టారు. మా అక్క ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేసి, "ఇది వంజరమైతే నేను కలెక్టర్ని" అంది. బిల్లు మాత్రం వంజరానిదే వేశారు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు.

అందుకని ఇలా వెళ్ళండి. తొలి బస్సు పట్టుకోండి. పాతిక ముప్పై కిలోమీటర్లు, గార మీదుగా. తెల్లవారుజామున వేటకెళ్ళిన పడవలు పొద్దున్న ఏడు, తొమ్మిది మధ్య ఒడ్డుకొస్తాయి. పడవ ఇసక మీదికి లాగగానే ఆడవాళ్ళు గంపలతో చుట్టూ మూగుతారు. పెద్ద చేపకి వేలం పాట పాడతారు, చిన్నవి పోగులు పెడతారు. మీరు ఆ గుంపులో చివర నిలబడండి. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. ఇంతకు మించిన విద్యేమీ లేదు. మొప్ప ఎత్తినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఎత్తకపోతేనే నవ్వుకుంటారు.

వంజరం, చందువ అని అందరూ వాటి వెనకే పడతారు. నా మాట విని కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు కొనండి. చవక, రుచి. నెత్తళ్ళు చింతచిగురుతో వండితే ఇక చెప్పక్కర్లేదు. శుభ్రం చేయడం చూడాలి మీరు. బొటనవేలి గోరు తల కింద పెట్టి ఒక్క గిల్లు గిల్లుతారు, తలతో పాటు లోపలిదంతా ఊడి వచ్చేస్తుంది. మనం ఒకటి చేసేలోపు ఆవిడ ఇరవై చేస్తుంది. అడిగితే వండిపెట్టే ఇల్లు కూడా ఆ వీధుల్లోనే దొరుకుతుంది. వండినందుకు ఎంతో ముందే మాట్లాడుకోండి, బియ్యం మీరే కొనివ్వండి.

బేరం విషయంలో మాత్రం చిన్న మనవి. పది రూపాయల కోసం పోగు మీద వాదించకండి. ఈ తీరంలో పెద్ద హార్బరు లేక చాలామంది మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ దాకా బోట్ల మీద పనికెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కినవాళ్ళలో మన ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్ళున్నారు. 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. గంప పట్టుకుని కూర్చున్న ఆవిడ ఇంట్లో సంగతేంటో మనకి తెలీదు కదా.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఒకసారి బస్సు దిగిన ఒకాయన ఆ రోజుల్లోనే వెళ్ళి, ఒడ్డున కూర్చున్న ముసలమ్మని తాజా చేప అడిగాడు. ఆవిడ అతన్ని కిందా మీదా చూసి, "ఏటి బావూ, ఇప్పుడొచ్చినావు? సేపలు గుడ్లెడతన్నాయి, మనం ఇంటికాడ కూకోవాల. ఎండు సేప అట్టుకెల్లు" అంది. ఆ రెండు నెలలూ ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, మామిడికాయ ముక్కతో పులుసు. చెడ్డ భోజనమేమీ కాదు. ఇంట్లో వాసన రెండు రోజులుంటుంది, అంతే.

స్నానం గురించి గట్టిగా చెప్తాను. కళింగపట్నం అంటే వంశధార నది సముద్రంలో కలిసే చోటు. నది ఇసకని తోసేస్తుంది, సముద్రం వెనక్కి లాగుతుంది. మోకాలి లోతు ఉందనుకున్న చోట రెండడుగులు వేస్తే మెడ దాకా దిగిపోవచ్చు. కార్తీక మాసం పిక్నిక్‌కి వెళ్ళిన కుర్రాళ్ళు గల్లంతయ్యారని పేపర్లో చూస్తూనే ఉంటాం. ఒడ్డునున్న జాలరిని అడిగి, ఆయన చూపించిన చోట మాత్రమే కాళ్ళు తడుపుకోండి. మందు తాగి నీళ్ళలో దిగేవాళ్ళకి నా దగ్గర సలహాలు లేవు.

తాగడం అంటే గుర్తొచ్చింది. ఎండాకాలం పొద్దున్నే చోడి అంబలి అడగండి. రాగుల్ని మేం చోళ్ళంటాం. మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకుని ఒక చెంబెడు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలనేది ఉండదు. చెట్టు మీంచి అప్పుడే దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి తలకెక్కుతుంది. కాబట్టి అదీ పొద్దున్న సంగతే. ముంజలైతే ఏ భయమూ లేదు.

కొబ్బరి బోండాం ఉద్దానం వైపుది తాగాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఆ పచ్చదనం ఒకసారి చూడాలి మీరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ వైపు వెళ్ళినప్పుడు చిన్న చెట్లు, పెద్ద చెట్లు కలగాపులగంగా కనిపిస్తే, సంగతి అదన్నమాట.

పలాస దిగితే జీడిపప్పు కొనకుండా ఎవరూ రారు. కానీ కొనడం తెలియాలి. కొట్టువాడు 240, 320 అంటుంటే ధర అనుకునేరు. ఒక పౌను తూకానికి ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయో ఆ లెక్క అది. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. బహుమతికి 240 గుండు తీసుకోండి. పాయసానికి, కూరకి బద్దో ముక్కో చాలు, రుచిలో తేడా ఏమీ ఉండదు. గుండు కొని మిక్సీలో వేసుకునేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. ఇక వేసవిలో జీడిమామిడి పండు దొరికితే ఉప్పద్దుకుని తినండి. గొంతు కొంచెం గీరుతుంది, భయపడకండి.

దారిలో చూసేవి త్వరగా చెప్పేస్తాను. శ్రీకూర్మంలో దేవుడు పడమటి ముఖంగా ఉంటాడు. అరసవల్లి సూర్యుడి గుడిలో మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి, ఆ రోజుల్లో బస్సులో కాలు పెట్టే సందుండదు. గార నుంచి శాలిహుండం కొండెక్కితే పైన బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. ఆ స్తూపాల్ని 1919లో లోకం దృష్టికి తెచ్చింది మన గిడుగు రామ్మూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషి. నేనిప్పుడు ఇలా మాట్లాడగలుగుతున్నానంటే ఆయన చలవే. ఇక టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలమంతా గూడబాతులు చింతచెట్ల మీద కాపురముంటాయి.

పిల్లలున్నవాళ్ళు జనవరి నుంచి ఒక కన్నేసి ఉంచండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. కొన్నిచోట్ల ఆ గుడ్లని కంచె వేసి కాపాడి, తెల్లవారుజామున పిల్లల్ని నీళ్ళలోకి వదులుతారు. నేను మా మనవరాలిని తీసుకెళ్ళాను. అరచేతిలో పట్టేంత తాబేలు నాలుగడుగులు వేసింది, అల వచ్చి వెనక్కి తోసేసింది. తిరిగి లేచి నడిచింది. పాప మూడో అల దాకా ఊపిరి బిగబట్టి చూసింది. టిక్కెట్టు లేని ఆట అది, కాకపోతే నాలుగింటికి లేవాలి.

సాయంత్రం టౌనుకొచ్చాక మురీ మిక్చర్. మరమరాల్ని మనవైపు మురీలంటారు. ఒరిస్సా గాలి కదా. ఉల్లి, టమాటా, వేరుశనగ గుళ్ళు, కారం, నిమ్మరసం గిన్నెలో పడగానే గరిటె టకటకలాడుతుంది. పొట్లం చేతికొచ్చిన నిమిషంలోపు తినాలి, తర్వాత మెత్తబడిపోతుంది. ఏడురోడ్ల జంక్షన్ వైపు నాకు తెలిసిన బండి ఒకటుంది. ఆయన ఎనిమిదిన్నరకల్లా సర్దేస్తాడు. ఇప్పుడు ఎనిమిది దాటింది. ప్రశ్నలేమైనా ఉంటే నడుస్తూ అడగండి.