“తగ్గిపోయింది కదా” అనే మాట గురించి

సభలో ఉన్న పెద్దలకు, తోటి తల్లిదండ్రులకు నమస్కారం.

నేను డాక్టరును కాను. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో కాపురం ఉంటున్న ఒక తల్లిని. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు మోయమోయ అనే మెదడు రక్తనాళాల జబ్బు బయటపడింది. ఇప్పుడు తనకు పద్దెనిమిది. ఈ సభలో మాట్లాడనా అని అడిగితే, “నా పేరు తప్ప అన్నీ చెప్పు” అంది.

ఒక రోజు పొద్దున బడికి టైమవుతోందని వేడి ఉప్మా పెట్టాను. ఊదుకుంటూ తింటోంది. నాలుగైదు సార్లు గట్టిగా ఊదిందో లేదో చేతిలో చెంచా జారి కింద పడింది. పరధ్యానమని కసిరాను. “చెయ్యి నా మాట వినడం లేదమ్మా” అంది. పది నిమిషాల తర్వాత అదే చేత్తో జడకు రిబ్బన్ కట్టుకుని వెళ్లిపోయింది. రెండు నెలల్లో అలా నాలుగు సార్లు అయింది. ఒకసారి వెక్కివెక్కి ఏడ్చాక మాట కూడా ముద్దగా వచ్చింది. మా అమ్మ ఉప్పు దిష్టి తీసింది. మొదట చూసిన డాక్టరు నీరసమని టానిక్ రాశారు. అందరం ఒకే మాట అనుకున్నాం: తగ్గిపోయింది కదా. ఆ మాట నమ్మి రెండు నెలలు పోగొట్టుకున్నాం.

గట్టిగా ఊదినా, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చినా ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. రక్తంలో అది తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి. మామూలు పిల్లలకు ఆ తేడా తెలియదు. నాళాలు ముందే ఇరుకైపోయిన పిల్లలకు కాసేపు చెయ్యో, కాలో, మాటో పడిపోతుంది. నాళం మళ్లీ వదులైతే అన్నీ తిరిగి వస్తాయి. అలా తిరిగి రావడమే మమ్మల్ని మోసం చేసింది. అది పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక.

మెడలోంచి పైకి వెళ్లే రెండు పెద్ద ధమనులు పుర్రె లోపల కొమ్మలుగా చీలే చోట ఏళ్ల తరబడి సన్నబడుతూ పోవడమే ఈ జబ్బు. మెదడు ఊరుకోదు, వెంట్రుకల్లాంటి నాళాలను అల్లుకుంటుంది. 1957లో జపాన్ వైద్యులు మొదట దీన్ని వర్ణించారు. యాంజియోగ్రామ్‌లో, అంటే రక్తనాళాలను చూపించే ఎక్స్‌రే ఫిల్ములో, ఆ అల్లిక పొగలా కనిపిస్తుందని 1969లో సుజుకి, తకాకు అనే వైద్యులు మోయమోయ అని పేరు పెట్టారు. మాకు ఫిల్ము చూపిస్తూ ఒక నర్సు కన్నడంలో “హొగె తర ఇదె నోడి” అంది. హొగె అంటే మన పొగే. అంతసేపూ డాక్టర్లు చెప్పినది అర్థం కాని నాకు ఆ ఒక్క మాటతో బిడ్డ తలలో ఏముందో కనిపించింది.

ఇప్పుడు అందరూ చెవి ముందు వేలు పెట్టి చూడండి. నాడి కొట్టుకుంటుంది. అది తల చర్మానికి రక్తం తీసుకెళ్లే ధమని. కొందరికి దాన్ని వెంట్రుక కంటే సన్నని దారంతో మెదడు నాళానికి కలిపి కుడతారు. మా అమ్మాయికి దాన్ని మెదడు పైన ఆనించి ఉంచారు. దాని నుంచి కొత్త నాళాలు మొలవడానికి నెలలు పట్టింది. రెండు వైపులా రెండు ఆపరేషన్లు జరిగాయి. జబ్బు పోలేదు, రక్తానికి పక్కదారి దొరికింది.

మిగతాదంతా రోజూ చేసుకునే పని. ఆస్పిరిన్ మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపము, పన్ను పీకించుకోవాలన్నా ముందు అడుగుతాము. ఒంట్లో నీరు తగ్గకూడదు కాబట్టి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో చూద్దాంలే అనుకోము. మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు తనకు లేవు, బంధువులు ఏమనుకున్నా సరే. వేణువు నేర్చుకుంటానంది. వద్దన్నారు. వయొలిన్ పట్టుకుంది.

ఇక నేను చేసిన తప్పు. ఏడిస్తే ఏమవుతుందోనని నాలుగేళ్లు దాన్ని ఏడవనివ్వలేదు. అడిగినవన్నీ కొనిచ్చాను, తిట్టాల్సినప్పుడు నోరు మూసుకున్నాను. పన్నెండేళ్లప్పుడు ఒక రాత్రి, “అమ్మా, నాకు ఏడవాలని ఉంది, నువ్వు భయపడతావని ఏడవడం లేదు” అంది. స్నేహితురాలు బడి మారిపోయిందట. ఆపరేషన్ల తర్వాత ఆ ఇబ్బంది మళ్లీ రాలేదని, ఏడవనివ్వవచ్చని డాక్టరు ఎప్పుడో చెప్పారు. వినిపించుకోనిది నేనే. పక్కన కూర్చున్నాను. కడుపారా ఏడ్చింది. ఏడుస్తూనే కుడిచెయ్యి ఎత్తి, అయిదు వేళ్లూ విప్పి నాకు చూపించింది.

పిల్లలకే కాదు, పెద్దలకైనా మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా తగ్గేదాకా ఆగకండి. టైము చూసి రాసుకుని 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందును మామూలుగా ఈ లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇస్తారు. మెదడులో గడ్డకట్టిందో రక్తం చిందిందో స్కాన్‌లోనే తెలుస్తుంది, కాబట్టి సొంతంగా ఆస్పిరిన్ వేయకండి. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు హోసూరు రోడ్డులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు రాత్రి బస్సులో వచ్చే మనవాళ్లకు ఒక మాట: పాత స్కాన్‌లన్నీ తెచ్చుకోండి. వీలైతే ఆ నిమిషాల్లో ఫోనులో వీడియో తీయండి. మీరు డాక్టరు ముందు కూర్చునే వేళకు బిడ్డ చెయ్యి మామూలుగానే ఉంటుంది.

సభ అయ్యాక ఈ పక్క గదిలో ఉంటాను. స్కాన్ చూసి చెప్పడం నాకు రాదు. కానీ ఎవరింట్లోనైనా ఇలాంటి బిడ్డ ఉంటే రండి, కూర్చుని మాట్లాడుకుందాం.