ఎపిసోడ్ 41: పండగ సేల్స్, బట్టలు

కిరణ్: నమస్కారం. ఇవాళ పండగ సేల్స్. ఒక్క కాటన్ టీషర్టు వెనక దాదాపు 2,700 లీటర్ల నీళ్లుంటాయని లెక్క కడతారు. పద్మక్కా?

పద్మ: నిన్న మా వీధి కాలవలో పూడిక తీశారు కిరణ్. బండి నిండా షాంపూ ప్యాకెట్లే.

కిరణ్: అక్కా, బట్టలు.

పద్మ: వస్తా. చెత్త ఏరుకునేవాళ్లు కూడా ఆ ప్యాకెట్లు ముట్టుకోరు. ప్లాస్టిక్, అల్యూమినియం రేకు పొరలుగా అతికించేస్తారు, విడదీయడం మన వల్ల కాదు. సీసా అయితే పాత సామాన్లవాళ్లు కొంటారు. దీనికి పైసా రాదు.

కిరణ్: కానీ కూలికెళ్లి వచ్చే ఆవిడకి సాయంత్రం చేతిలో ఉన్నది రూపాయి ప్యాకెట్‌కే సరిపోతుంది. మా అమ్మ కొట్లో రోజూ చూశాను. పెద్ద సీసా కొనమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

పద్మ: ఆవిణ్ణి ఎవరన్నారు? మా నాన్నమ్మ గిద్దెడు నూనె కొలిచి, గరాటు పెట్టి, కొనేవాళ్లు తెచ్చుకున్న సీసాలోనే పోసేది.

కిరణ్: వచ్చేసింది గరాటు.

పద్మ: వస్తుంది! కొంచెం కొనుక్కోవడానికి ప్లాస్టిక్ అక్కర్లేదు. కంపెనీ పేరు కొట్లో వేలాడటానికి కావాలి. లాభం వాళ్లకి, పూడిక మున్సిపాలిటీ కార్మికులకి.

కిరణ్: ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని 2022 జూలైలో నిషేధించారుగా?

పద్మ: 19 రకాలు. స్ట్రాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, కప్పులు... ఈ షాంపూ ప్యాకెట్లు అందులో లేవు. రీసైకిల్ కాని పొరల ప్లాస్టిక్‌ని రెండేళ్లలో ఆపాలని 2016 ప్లాస్టిక్ చెత్త నిబంధనల్లో రాశారు. 2018లో ఆ వాక్యమే మార్చేశారు. కాల్చి వేడి రాబట్టగలిగితే ఆపక్కర్లేదు. అంటే సిమెంటు బట్టీలో వేసినా సరే. గుట్కాకి మాత్రం ప్లాస్టిక్ ప్యాకెట్ కూడదని అదే నిబంధనల్లో ఉంది. రాయాలనుకుంటే రాయగలరు!

కిరణ్: ఆ మార్పు సంగతి నాకు తెలీదు.

పద్మ: ఎవరు చెప్తారు?

కిరణ్: అమ్మ కొట్లో ఆ ప్యాకెట్ల సరాలు కట్టేది నేనే. ఎర్రవి ఒకవైపు, పచ్చవి ఒకవైపు. కొట్టు వెనకే కాలవ.

పద్మ: నిన్ను అనలేదురా.

కిరణ్: తెలుసక్కా.

పద్మ: అమ్మ ఇప్పటికీ అమ్ముతోందా?

కిరణ్: ఆ. మానేయమని ఎలా చెప్పను? అడిగినవాళ్లు పక్క కొట్టుకి పోతారు.

పద్మ: చెప్పకు. గరాటు అమ్మకి ఇవ్వాల్సింది నువ్వు కాదు, ఆ కంపెనీ. పెద్ద డబ్బాలో పంపమను, అమ్మే కొలిచి పోస్తుంది.

కిరణ్: బట్టలు...

పద్మ: వచ్చే వారం.