బీగంచెవి ఎవరి దగ్గరుంది?

(కర్నూలులోని ఒక డిగ్రీ కళాశాలలో ప్రపంచ పర్యాటక దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు యాంకరమ్మాయి ఇందాకే రెండుసార్లు చదివింది కాబట్టి మూడోసారి నేను చదవను. శాలువా కప్పారు, సంతోషం. కర్నూలు ఎండకు శాలువా ఎందుకని అడగను, అది మన పద్ధతి. కడపలో తెల్లవారుజామున బస్సెక్కి మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా వచ్చాను. సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సుంది. నాకిచ్చిన టైం ఇరవై నిమిషాలు.

అంశం “రిక్రియేషన్ మేనేజ్‌మెంట్, ఉద్యోగావకాశాలు”. నేను ఇరవై ఎనిమిదేళ్ళు మహిళా కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయినదాన్ని. పీడీ మేడం అంటే మీకు తెలుసు కదా. ఆగస్టు పదిహేనుకు జెండా కర్ర పాతించేది, స్పోర్ట్స్ డేకి సున్నంతో ట్రాక్ గీయించేది. మిగతా ఏడాదంతా “మేడం, సిలబస్ కాలేదు, మీ పీరియడ్ ఇస్తారా” అని ఎవరైనా వస్తే ఇచ్చేది. నేనూ ఇచ్చాను. ఎన్ని ఇచ్చానో లెక్క పెట్టుకోలేదు. ఆ తప్పు నాకు తర్వాత తెలిసొచ్చింది, ఎలాగో చెబుతాను.

రిక్రియేషన్‌కు తెలుగు ఏమిటని బస్సులో ఆలోచిస్తూ వచ్చాను. వినోదం అంటే సినిమా గుర్తొస్తుంది. కాలక్షేపం అంటే ఏదో పొద్దుపోక చేసేది. తీరిక అందామంటే, మన ఇళ్ళలో ఆ మాటను తిట్టులా వాడతారు. “నీకు బాగా తీరికుందే” అని అత్తగారు అంటే అది పొగడ్తా? ఇంకో మాట ఉంది చూడండి, పనీపాటా. పనీపాటా లేనోడు అంటాం. పని పక్కనే పాటను కూర్చోబెట్టారు మన పెద్దోళ్ళు. నాట్లేసేటప్పుడు పాట, తిరగలి విసిరేటప్పుడు పాట. ఇప్పుడు మిక్సీ వచ్చింది. ఆ రొదలో ఎవరు పాడతారు?

సరే, విషయంలోకి వస్తాను. ఇదొక ఉద్యోగంగా ఎక్కడ మొదలైందో చెబితే మీకు నచ్చుతుంది. 1885లో, అమెరికాలో బోస్టన్ అనే ఊళ్ళో. మేరీ జక్షెవ్‌స్కా అని ఒక డాక్టరమ్మ బెర్లిన్ వెళ్ళి, అక్కడి పార్కుల్లో పిల్లల కోసం పోసిన ఇసుక కుప్పలు చూసి, బోస్టన్‌లో తనవాళ్ళకు ఉత్తరం రాసింది. బోస్టన్ ఆడవాళ్ళు ఒక ప్రార్థనా మందిరం ఆవరణలో ఇసుక పోయించారు. అంతే, ఒక ఇసుక కుప్ప. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. వచ్చాక అసలు ప్రశ్న మొదలైంది, వీళ్ళను చూసుకునేది ఎవరు? మొదట చుట్టుపక్కల ఆడవాళ్ళే చూశారు. తర్వాత జీతమిచ్చి మనుషులను పెట్టారు. ఆ మొదటి జీతం రోజే ఈ వృత్తి పుట్టిందని నా లెక్క. 1906లో వాషింగ్టన్‌లో ఆటస్థలాల సంఘం పెట్టుకున్నారు, 1965లో అలాంటి సంఘాలు కొన్ని కలిసి పార్కులు, రిక్రియేషన్‌కు ఒకే జాతీయ సంస్థ అయ్యాయి. అక్కడ ఇప్పుడు ఇది నాలుగేళ్ళ డిగ్రీ. పార్కుకు బడ్జెట్ వేయడం, వయసును బట్టి కార్యక్రమాలు తయారుచేయడం, ప్రమాదం ఎక్కడ జరగొచ్చో ముందే పసిగట్టడం, వికలాంగులను, ముసలివాళ్ళను ఆటల్లోకి తీసుకురావడం, ఇవన్నీ నేర్పుతారు. చివర్లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. కావాలంటే సర్టిఫికెట్ పరీక్ష రాసుకోవచ్చు. ఆస్పత్రుల్లో రోగులతో ఆటలు, పాటలు, చేతిపనులు చేయించి కోలుకునేలా చేసేవాళ్ళకు వేరే సర్టిఫికెట్ ఉంది.

మన పెన్నలో ఇసుక లేదా అంటారేమో. ఆ కథ ఎత్తుకుంటే నాలుగు గంటల బస్సు అందదు.

మన దేశంలో దీనికి దిక్కు లేదనుకోవద్దు. రాజ్యాంగం 43వ అధికరణం తీసి చదవండి. కార్మికులకు బతకడానికి చాలినంత కూలితో పాటు తీరికను పూర్తిగా అనుభవించే వీలు కూడా కలిగేలా ప్రభుత్వం ప్రయత్నించాలని ఉంది. అత్తగారు తిట్టులా వాడే తీరిక అందులో ఉందన్నమాట! 1992లో చేసిన 74వ సవరణతో పన్నెండో షెడ్యూలు వచ్చింది. మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితా అది. అందులో పన్నెండో అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. లేనిదల్లా బీగంచెవి.

బీగంచెవి అంటే నవ్వుతున్నారు. మీ ఇళ్ళలో కూడా తాళంచెవి అనే అంటున్నారా ఇప్పుడు? మా ఇంట్లో బీగమే.

కడప దగ్గర ఒక ఊరు. పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఈ హాల్లో కూడా ఉండొచ్చు. అక్కడ ఒక ఇండోర్ షటిల్ కోర్టు. బయట బోర్డు మీద పెయింటుతో “స్త్రీలకు: మధ్యాహ్నం 2 నుండి 3.30 వరకు” అని రాసి ఉంది. నేను చూసింది ఏప్రిల్ నెలలో. రేకుల షెడ్డు. మన ఏప్రిల్‌లో రెండింటికి రేకుల కింద కాకి కూడా నోరు తెరుచుకుని నిలబడుతుంది. లోపలికెళ్ళి అధికారిని అడిగితే రిజిస్టరు తీసి చూపించాడు. ప్రతి పేజీలో తేదీ, దాని కింద “నిల్”, పక్కన సంతకం. మూడు నెలల నిల్, ముత్యాల్లాంటి దస్తూరీతో.

“ఆడోళ్ళకు ఇంట్రెస్టు లేదు మేడం, మేమేం చేస్తాం” అన్నాడు.

ఆ రోజు నేనేం మాట్లాడలేదు. కోర్టుకు ఎదురుగా ఒక టైలరు షాపు ఉంది. అక్కడి అక్కను పరిచయం చేసుకుని, వారం రోజులు సాయంత్రాలు ఆ షాపు ముందు స్టూలేసుకుని కూర్చున్నా. వచ్చిపోయే ఆడవాళ్ళను అడగడమే పని. నీకు ఏ టైంలో తీరికమ్మా? ఒక్కరు కూడా ఫలానా గంటకు అని చెప్పలేదు. చివరికి జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చినామె చెప్పింది: “మాకు టైం ఏడుంటాది అక్కా? నీళ్ళను బట్టే.”

అప్పుడు అర్థమైంది. ఆ వీధి కొళాయికి రోజు మార్చి రోజు సాయంత్రం అయిదు ప్రాంతంలో నీళ్ళు వస్తాయి. వచ్చే రోజు ఇంట్లోంచి ఎవరూ కదలరు. బిందెలు, బకెట్లు, డ్రమ్ము, చివరికి అన్నం గిన్నె కూడా వరుసలో ఉంటాయి. రాని రోజు అయిదు నుంచి ఆరున్నర దాకా ఖాళీ. పిల్లలు ట్యూషన్‌లో, మగవాళ్ళు ఇంకా రారు, పొయ్యి ఇంకా వెలగదు. గడపల మీద కూర్చుని ఉంటారు. అదే గంటన్నర ఆ కోర్టు కూడా ఖాళీగా ఉంటుంది, బీగం వేసి. ఎందుకని అడిగితే, ఆరున్నరకు మెంబర్ల బ్యాచ్ వస్తుందట, వాళ్ళ కోసం ఊడ్చి శుభ్రంగా పెట్టారట.

పిల్లలూ, రేపు ఎవరైనా మిమ్మల్ని పార్కు పెట్టమన్నా, కొలను పెట్టమన్నా, మొదట నీళ్ళు ఎప్పుడొస్తాయో అడగండి. ఈ చదువులో దాన్ని అవసరాల అంచనా అంటారు, దానికి ఫారాలుంటాయి, ప్రశ్నావళి ఉంటుంది. ఆ ఊరికి నాకు ఒక స్టూలు సరిపోయింది.

మళ్ళీ అధికారి దగ్గరకెళ్ళి, టైం మార్చండి అన్నాను. ఏయే వారాలు కావాలి అన్నాడు. రోజు మార్చి రోజు వచ్చే నీళ్ళకు సోమవారం, బుధవారం ఏముంటుంది? ఈ వారం సోమవారం వస్తే వచ్చే సోమవారం రావు. “నీళ్ళు రాని రోజు అని రాయండి” అన్నాను. “బోర్డు మీద అట్ల రాస్తే మా పైసార్లు ఏమనుకుంటారు మేడం?” అని నవ్వాడు. నిజంగానే రాయలేదు. నేనే చాక్‌పీసుతో గోడ మీద రాశాను.

ఇక బీగంచెవి. అటెండరు దగ్గర లేదు, పెద్దసారు బీరువాలో ఉంది. పెద్దసారు మీటింగులో ఉన్నాడు. మీటింగు నుంచి వచ్చాడు, బీరువా చెవి డ్రైవరు దగ్గరుంది. డ్రైవరు తిరుపతి పోయినాడు. పదకొండుసార్లు తిరిగాను. పన్నెండోసారి నా చేత ఒక కాగితం రాయించుకున్నారు, లోపల ఏ వస్తువు పోయినా బాధ్యత నాదని. లోపల ఉన్న వస్తువులు: ఒక నెట్టు, దాన్లో ఎలుక కొరికిన రెండు చిల్లులు, ఒక చీపురు. సంతకం పెట్టి డూప్లికేటు చెవి తెచ్చుకున్నాను.

మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. అందరూ చీరలే. కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, పైటకు పిన్నీసు పెట్టుకున్నారు. బూట్లు ఎవరికున్నాయి, సిమెంటు గచ్చు మీద ఒట్టికాళ్ళే. ఒకామె రాకెట్టును అట్లకాడలా పట్టుకుంది. కాక్ వచ్చేసరికి దోసె తిరగేసినట్టు తిప్పింది. అందరూ పడీపడీ నవ్వారు, ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. నేను వెళ్ళి చేయి సరిచేసి, బొటనవేలు ఇట్లా పెట్టాలి అని చూపిస్తుంటే, “మేడం, నన్ను గుర్తుపట్టలేదా? మీ దగ్గర బీకాం చదివినా” అంది.

చదివావు కదా, మరి రాకెట్టు పట్టుకోవడం రాదేమే అన్నాను.

“మీ పీరియడ్‌లో మాకు అకౌంట్స్ చెప్పేవాళ్ళు కదా మేడం.”

ఆమె తప్పు పట్టే గొంతుతో అనలేదు. మామూలుగా చెప్పింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ముప్ఫై ఏళ్ళ మనిషి చేతిలో రాకెట్టు అట్లకాడగా మారడంలో నా చేయి కూడా ఉంది. సిలబస్ కాలేదని అడిగినవాళ్ళందరికీ నవ్వుతూ ఇచ్చేశాను. టీచరమ్మలూ, సార్లూ, కోప్పడకండి, ఇక్కడ పీడీ ఎవరైనా ఉంటే వారికి చెబుతున్నాను. ఇవ్వొద్దు. అడిగితే మొహం మాడ్చుకోండి గానీ ఇవ్వొద్దు.

నాలుగు నెలలు నడిచింది. తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. కోర్టులో ఎలక్షన్ సామాను పెట్టారు. అవి అయ్యాక సామాను పోయింది, బ్లీచింగ్ పౌడరు బస్తాలు, దోమల పొగ మిషను వచ్చాయి. అవి పోలేదు. ఈలోగా నేను రిటైరయ్యాను. డూప్లికేటు చెవి ఇదిగో, ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. వెనక్కివ్వమని ఎవరూ అడగలేదు.

ప్రిన్సిపాల్ గారు చీటీ పంపించారు. ఉద్యోగాల గురించి చెప్పమంటున్నారు. చెబుతాను సార్, దానికోసమే వచ్చాను.

మన దగ్గర రిక్రియేషన్ అనే పేరుతో డిగ్రీ వెతికితే దొరకడం కష్టం, దాని ముక్కలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఆటల వైపైతే బీపీఎడ్, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ. గ్వాలియర్‌లో 1957లో మొదలైన లక్ష్మీబాయి సంస్థ ఉంది. పర్యాటకం వైపైతే కేంద్ర ప్రభుత్వ టూరిజం సంస్థ క్యాంపస్ మన నెల్లూరులోనే ఉంది. హోటల్ మేనేజ్‌మెంట్‌కు తిరుపతి. నీటి మీద పని చేయాలంటే గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ, అక్కడ ప్రాణరక్షణ కోర్సులు కూడా ఉంటాయి. కొండలెక్కే ఇష్టముంటే ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ, బేసిక్ కోర్సు 28 రోజులు. గండికోటలో సాహస క్రీడలు నేర్పే అకాడమీ ఉంది, అంత దూరం పోలేనివాళ్ళు అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఉద్యోగాలు రిసార్టుల్లో, వాటర్ పార్కుల్లో, క్లబ్బుల్లో ఉన్నాయి. పెద్ద అపార్ట్‌మెంట్లలో క్లబ్ హౌస్ కట్టి మేనేజరు కోసం వెతుకుతున్నారు. వృద్ధాశ్రమాల్లో రోజంతా టీవీ పెట్టేయకుండా ముసలివాళ్ళతో ఏదైనా చేయించేవాళ్ళు కావాలి. జీతాలు మొదట్లో గొప్పగా ఉండవు, ఉంటాయని అబద్ధం చెప్పను. ఆదివారం, పండగ సెలవు మీకుండదు, అందరికీ తీరికున్నప్పుడే మీకు పని. ఇంకోటి, ఈత కొలనులో క్లోరిన్ ఒకటి నుంచి మూడు పీపీఎం మధ్య ఉండాలి, అంటే పది లక్షల పాళ్ళ నీళ్ళకు అన్ని పాళ్ళు. నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 లోపల. రోజూ కొలిచి రాయాలి. కొలవకుండా రాసేవాళ్ళున్నారు, ఆ నిల్ రిజిస్టరు లాగే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది, చాలా ప్రాణాలు పోయాయి. పడవలో లైఫ్ జాకెట్లు ఉంటే చాలదు. ఒక్కొక్కరి దగ్గరికెళ్ళి బకిల్ పెట్టారో లేదో చూసి, పెట్టుకోని పెద్దమనిషితో గొడవపడే మనిషి కావాలి. ఆ గొడవకే మీకు జీతం.

అలాంటి మనిషిని ఒకసారి బెలూం గుహల్లో చూశాను. మా అమ్మాయిలను టూరు తీసుకెళ్ళాను. 3,229 మీటర్ల గుహలు, అందులో సగం దాకానే సందర్శకులను పోనిస్తారు. 2002లో తెరిచారు, లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉంది. అయినా ఉక్క. పాతాళగంగ దగ్గరికి దిగుతుంటే ఒక అమ్మాయికి ఊపిరాడలేదు. భయం. ఏడుపు. మిగతావాళ్ళు చుట్టూ మూగారు, నేను కూడా కంగారుపడి విసురుతున్నాను. గైడు వచ్చి మొదట మా అందరినీ పక్కకు జరగమన్నాడు. ఆ అమ్మాయిని రాతి మీద కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కింద కూర్చుని, “పాపా, ఆ లైట్లు ఎన్నున్నాయో చెప్పు, నాకు కండ్లు సరిగా ఆనవు” అన్నాడు. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడు దగ్గర ఏడుపు ఆగింది. పైకొచ్చాక ఆయనను అడిగాను, కండ్లు నిజంగా ఆనవా అని. “పోయిన నెలే అద్దాలు తెచ్చుకున్నా మేడం” అని జేబు చూపించాడు. ఆయనకు ఇది ఏ కాలేజీలోనూ ఎవరూ నేర్పలేదు. మీకు నేర్పే కాలేజీలు ఉన్నాయి, పోండి.

బెల్లు కొట్టారు, అయిపోయింది. ఒక్క విషయం అడిగి దిగిపోతాను. ప్రిన్సిపాల్ గారూ, పొద్దున నన్ను గెస్ట్ రూముకు తీసుకెళ్తుంటే లేడీస్ హాస్టల్ వెనక గ్రౌండు చూశాను. చుట్టూ కంచె, లోపల వాలీబాల్ స్తంభాలు రెండు, నడుమంత ఎత్తు గడ్డి. గేటుకు బీగం, ఎర్రగా తుప్పు పట్టి ఉంది. పక్కన ఉన్న అమ్మాయిని అడిగితే, ఫస్టియర్ నుంచి తెరవడం చూడలేదు మేడం అంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఫైనలియర్. ఇప్పుడు టైం రెండూ పది. నా బస్సు నాలుగింటికి. మీ అటెండరును పిలిపించండి సార్, కొంచెం కొబ్బరినూనె కూడా తెమ్మనండి. నేను గేటు దగ్గర ఉంటాను.